నోరు తెరవరాదు

ఆట గడియారంలో ఇంక పన్నెండు నిమిషాలే. పన్నెండంటే పన్నెండని నమ్మేవాళ్ళు బాస్కెట్‌బాల్ చూసినవాళ్ళు కారు. మధ్యలో టైమవుట్లు, ఫ్రీ త్రోలు, ఎవరో జారిపడితే నేల మీది చెమట తుడిచేవాళ్ళు, అన్నీ కలిపి గోడ గడియారంలో అరగంట దాటుతుంది, ఆఖరి క్వార్టరంటేనే జీడిపాకం, ఆ సంగతి ఆమెకు పాలపళ్ళ వయసు నుంచి తెలుసు. తెలిసీ ఏం లాభం, చెవులు రెండూ అలమర మీది రేడియోకి అప్పగించి, చేతులు రెండూ బల్ల మీద వదిలేసి కూర్చుంది. ఆ చేతులు వాటి పాటికవి పని చేసుకుపోతున్నాయి: మైనం కత్తిని స్పిరిట్ దీపానికి చూపించడం, గులాబిరంగు మైనపు గట్టును కాస్త కరిగించడం, పన్ను గుచ్చి బొటనవేలితో సర్దడం. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, కట్టుడుపళ్ళ పని. ఈ ఊళ్ళో నవ్వే ముసలివాళ్ళలో సగంమంది ఆమె చేతి పళ్ళతోనే నవ్వుతారు, మిగతా సగంమంది నవ్వరు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ బల్లల మీది ప్లాస్టర్ దుమ్ము మీద పడుతోంది. అలమర నిండా వరసగా పెట్టిన దవడల అచ్చులు కూడా నోళ్ళు తెరుచుకుని రేడియోనే వింటున్నట్టున్నాయి.

రేడియోలో ఆడుతున్నది వీళ్ళ జట్టు కాదు. వీళ్ళ ఎర్రచొక్కాలు నిన్ననే ఆఖరి ఆట గెలిచి, పంతొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి రెండో స్థానంలో నిలబడి, కాళ్ళు బారజాపుకుని కూర్చున్నారు. రెండో స్థానంవాళ్ళకి ప్లేఆఫ్స్‌లో మొదట తగిలేది ఏడో స్థానంవాళ్ళు. ఆ ఏడో స్థానం ఎవరికి దక్కుతుందో, కాదు, ఎవరి నెత్తిన పడుతుందో ఈ ఆటతో తేలుతుంది. ఓడరేవు ఊరి పసుపుచొక్కాలూ గనుల ఊరి నల్లచొక్కాలూ ఆడుతున్నారు, గెలిచినవాళ్ళు ఆరో స్థానానికి ఎక్కి ఇంకెవరి మీదికో పోతారు, ఓడినవాళ్ళు ఇక్కడికొస్తారు. నల్లచొక్కాలు మెతక జట్టు, వాళ్ళే రావాలి, అంటే వాళ్ళు ఓడాలి, అంటే పసుపువాళ్ళు గెలవాలి. పుట్టి బుద్ధెరిగాక పసుపువాళ్ళని తిట్టకుండా అన్నం తినని మనుషులంతా ఈ గదిలో ఇప్పుడు వాళ్ళకే జై కొడుతున్నారు. పళ్ళకు మెరుగు పెట్టే పిన్ని అయితే "వెయ్యి నాయనా, వెయ్యి" అని పసుపువాళ్ళని బతిమాలడం, వాళ్ళు వేయగానే లేచివెళ్ళి కుళాయి దగ్గర నోరు పుక్కిలించి రావడం. ఇప్పటికి నాలుగుసార్లు పుక్కిలించింది.

ఆమె మాత్రం నోరు మెదపకూడదు. ఆమె బల్లకు ఎదురుగా గోడ మీద, ప్లాస్టర్ కలిపే తమ్ముడు తన వంకర అక్షరాలతో రాసి అంటించిన చీటీ ఉంది: నోరు తెరవరాదు. తమ్ముడూ పిన్నీ ఇక్కడ పిలుపులే, చుట్టాలు కారు, తమ్ముడంటే పిల్లవాడేం కాదు, నలభై దాటినవాడు, మీసంలో ఎప్పుడూ తెల్లటి పొడి ఉంటుంది. లోకంలో పళ్ళు తయారుచేసే చోట అలాంటి బోర్డు ఇదొక్కటే అయ్యుంటుంది. కారణం లేకపోలేదు. మూడేళ్ళ కిందట ఇదే గదిలో, ఇదే కుర్చీలో కూర్చుని, "పసుపువాళ్ళే వస్తే బాగుణ్ణు" అని ఆమె పైకి అంది. వచ్చారు. నాలుగాటలాడారు, నాలుగూ గెలిచి పోయారు. పళ్ళూడిపోయినట్టయింది ఊరంతా. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, నీ నోటి వల్లే ఊరు ఇట్లా తగలడిందమ్మా అని ఈ ల్యాబు యజమాని, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, నవ్వుతూనే అన్నాడు కానీ ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు. అప్పట్నుంచీ అదొక చట్టం: ఎదుటి జట్టు ఎవరో తేలే వారంలో ఆమె ఆ ప్రస్తావనే తేకూడదు, తలాడించకూడదు, నిట్టూర్చకూడదు కూడా. వారంరోజులుగా పాటిస్తోంది. లోపల మాత్రం వారంరోజులుగా ఒక నిమిషం ఊరుకోలేదు.

మిగతావాళ్ళకేం, మహారాజుల్లా మాట్లాడుకుంటున్నారు. తమ్ముడు ఆరిపోయిన అచ్చులన్నీ బల్లమీద పరిచి జట్లు కట్టేశాడు. మాంసం కొట్టు ఆయన కింది దవడ, గాడిద లాడమంత ఉంటుంది, అది నిచ్చెన. నిచ్చెనంటే పసుపువాళ్ళ సెంటర్, ఏడడుగుల మనిషి, వాడు చెయ్యెత్తితే బంతికి ఆకాశం కనపడదు. మోకాలి దెబ్బకి ముప్పై ఆటలు బయట కూర్చున్నాడు కాబట్టి ఆ జట్టు ఇంత కిందికి జారింది కానీ లేకపోతే మన పక్కనుండేది. ఇప్పుడు వాడు తిరిగొచ్చాడు. "పడుకున్న పులి లేచిందయ్యా, మనకెందుకు దాంతో, పోనీ అటు," అంటాడు పెద్దాయన. నల్లచొక్కాల కెప్టెన్‌కి ముప్పై ఎనిమిదేళ్ళట, మూడో క్వార్టర్ నుంచి నోటితో గాలి పీలుస్తాడట, తమ్ముడు వాడి కోసం అలమరలోంచి ఒక్క పన్నూ లేని దవడ వెతికి పెట్టాడు. పిన్ని ఒక్కతే కాస్త అనుమానం పడింది. "గట్టిదాన్ని ఎవరైనా జాగ్రత్తగానే కొరుకుతార్రా. మెత్తదాంట్లో రాయుంటేనే పన్ను విరిగేది." ఆ మాట విన్నప్పుడు పిన్నిని కావలించుకోవాలనిపించింది ఆమెకు. కావలించుకుంటే ప్రస్తావన తెచ్చినట్టవుతుందేమోనని ఊరుకుంది.

ఎందుకంటే ఆమెకు పసుపువాళ్ళే కావాలి. ఇదిగో, లోపలైనా ఒప్పుకుంది, ఇప్పుడు హాయిగా ఉంది. నిచ్చెన కుంటుతున్నాడు, కిందికి దిగేటప్పుడు ఎడమకాలే ముందు మోపుతున్నాడు, మొన్న టీవీలో మూడుసార్లు చూసింది, వాడిని కుడివైపుకు లాగి ఆడితే ఆరాటల్లో అయిపోతారు పసుపువాళ్ళు. ఇది లెక్కేనా? లెక్కలాగే ఉంది. కోరికకి లెక్క చొక్కా తొడిగితే ఇలాగే ఉంటుంది మరి. చేతిలో ఉన్నవి ఫొటోగ్రాఫరు గారి పళ్ళు, అవునవును, రేపు పొద్దున్నకి ఇవ్వాలి. జన్మంతా ఇతరులని నవ్వండి నవ్వండి అని నవ్వించి తాను మూతి బిగించుకుని బతికిన మనిషి, కొలతలిచ్చి వెళ్ళేముందు ఒకే మాటన్నాడు: "తెల్లగా ఉండాలమ్మా, కొత్త కాగితంలాగా." ఒకటో నంబరు. సొరుగుల మీద నంబర్లుంటాయి, ఒకటి తెలుపు, పోనుపోనూ ముదురు. మైనం మెత్తబడింది. రేడియోవాడు పసుపు అంటున్నాడు, పసుపు మూడు పాయింట్ల ముందుంది, పసుపు బంతి, పసుపు టైమవుట్. సొరుగు లాగి ఆరు ముందుపళ్ళున్న కార్డు తీసింది. నడిమి గీత చూసుకుని మొదటి పన్ను నిలబెట్టింది, దాని జతను నిలబెట్టింది. పక్కపళ్ళు రెండూ వెంట్రుకవాసి పైకి ఉండాలి, అన్నీ ముక్కుసూటిగా పెడితే కట్టుడుపళ్ళని ఇట్టే తెలిసిపోతుంది, మనుషులకు పుట్టే పళ్ళు కాస్త అల్లరిగా పుడతాయి.

అక్కకి ముందు రెండు పళ్ళ మధ్య సందుండేది. ఆ సందులోంచి ఈల వేసేది, రిఫరీ ఈల. వాళ్ళమ్మ స్టేడియం గేటు దగ్గర టిక్కెట్లు చింపేది, సగం చీటీ చేతికిచ్చి సగం డబ్బాలో వేసేది, పిల్లలిద్దరికీ టిక్కెట్టే లేదు, అమ్మ చెయ్యి కాస్త పైకెత్తితే ఆ చేతికిందుగా దూరిపోయేవాళ్ళు. ఇంటికొచ్చాక మళ్ళీ ఆట. బంతంటే నాన్న మేజోళ్ళు రెండు చుట్టి కట్టిన ఉండ. రింగు అక్క. మంచానికి అవతలి చివర నిలబడి రెండు చేతులూ ముందుకు చాచి వేళ్ళు కలిపి గుండ్రంగా పెట్టేది, చెల్లెలు విసరాలి. చెల్లెలు విసిరితే ఎప్పుడూ సూటిగా పోయిన పాపాన పోలేదు, అయినా ప్రతిసారీ పడేది, ఎందుకంటే రింగు వంగేది. ఎడమకు పోతే ఎడమకు వంగేది, పైనుంచి పోతే మునివేళ్ళ మీద లేచేది, ఒకసారి కిటికీవైపు పోతే మంచం దిగి పరిగెత్తి పట్టుకుని "రెండు పాయింట్లు!" అని సందుపళ్ళతో ఈల వేసింది. వంద వేసి వంద గెలిచానని గొప్పగా నిద్రపోయేది ఆమె. నిజం రింగులు వంగవని తెలిసింది బడిలో మొదటి ఆట ఆడినప్పుడు. ఇంటికొచ్చి ఏడ్చి ఏడ్చి, ఆ రింగు మంచిది కాదని అక్కకి చెప్పింది.

అలాంటి అక్క ఓడరేవు ఊరివాణ్ణి పెళ్ళాడింది. పెళ్ళాడితే ఆడింది, పసుపుచొక్కా తొడుక్కుంది. ఏ ఎండకా గొడుగు అని చెల్లెలు దెప్పితే, "మీ బావ ఇంట్లో ఎరుపేసుకుంటే అన్నం పెట్టడే" అని నవ్వేది, బావేమో వంట తనదే కాబట్టి నిజంగానే పెట్టడు. ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు: ప్లేఆఫ్స్‌లో రెండు జట్లూ తలపడితే ఇక్కడి ఆటలకి అక్క ఇక్కడుండాలి, అక్కడి ఆటలకి చెల్లెలు అక్కడుండాలి, ఒకే సోఫాలో కూర్చోవాలి, ఓడినవాళ్ళు గిన్నెలు కడగాలి. అందుకే మూడేళ్ళ కిందట ఆ మాట అంది, పసుపువాళ్ళే వస్తే బాగుణ్ణు అని. ఊరు ఏదో అనుకుంది కానీ ఆమె కోరుకున్నది అక్కని. మొదటి మూడాటలూ బాగానే గడిచాయి, గిన్నెలన్నీ తనే కడిగింది. నాలుగోది ఓడారు చూడండి, ఒక్క పాయింటుతో, ఆమె ఇంట్లో, ఆమె సోఫాలో, అక్క పసుపు టోపీ గాల్లోకి ఎగరేసి చిన్నపిల్లలా గెంతింది. అప్పుడొచ్చింది నోటికి ఆ మాట. "అమ్మ ఉంటే నిన్ను గడప తొక్కనిచ్చేది కాదు." కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఇద్దరికీ నేర్పింది ఆ అమ్మే. అక్క చెప్పులేసుకుని బస్టాండుకి వెళ్ళిపోయింది, టోపీ అలమర కింద పడిపోయింది. మూడేళ్ళలో ఫోన్లు లేవని కాదు, ఉన్నాయి: డాక్టరు నంబరు పంపు, నాన్న పెన్షను కాగితం ఎక్కడుంది. పక్కింటివాళ్ళు మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటారు. క్షమించవే అనే ముక్క నోటిదాకా వస్తుంది, పళ్ళు అడ్డం పడతాయి. కానీ ఒప్పందం ఒప్పందమే, అక్క మాట తప్పే మనిషి కాదు. పసుపువాళ్ళొస్తే అక్క వస్తుంది, సోఫాలో కూర్చుంటుంది, పక్కనుంటే ఎలాగో చెప్పేయొచ్చు, ఫోన్లో రానిది పక్కనుంటే వస్తుంది. రాకపోతే? అదీ తెలిసిపోతుంది. అది ఆలోచించకూడదు. కోరపన్ను కాస్త బయటికి తిప్పాలి, అదీ, అలా.

"నలభై సెకన్లు, ఒక్క పాయింటు!" అని తమ్ముడు కేకేశాడు. ఒక్క పాయింటు ముందున్నది పసుపువాళ్ళే. పిన్ని మెరుగుయంత్రం ఆపేసింది. పెద్దాయన కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుస్తున్నాడు, తుడుస్తూనే ఉన్నాడు. ఈ పెద్దాయన ముప్పై ఏళ్ళుగా ఒక్క ఆట వదల్లేదు, జట్టు అట్టడుగున ఉన్నప్పుడు ఖాళీ స్టేడియంలో ఒక్కడే వానలో తడిసినవాడిలా కూర్చుని వచ్చేవాడు. పంతొమ్మిదేళ్ళకి వచ్చిన అదృష్టం, మెత్తటి జట్టు వస్తే నల్లేరు మీద బండి నడక. ఇంతమంది నోటికాడ ముద్ద నేను లాక్కోవాలనుకుంటున్నానా? లాక్కోవాలనే అనుకుంటున్నాను. తిట్టండి. ఎర్రచొక్కాలంటే నాకు ప్రాణం, అక్కంటే ప్రాణం కాదు, ఇంకేదో, ప్రాణానికంటే ముందునుంచీ ఉన్నది. రెండూ కావాలి. పులే రావాలి, పులినే కొట్టాలి, పక్కన అక్క ఉండగా కొట్టాలి, గిన్నెలు ఆవిడ కడగాలి! మీరంతా నన్ను నోరు మూసుకోమన్నారు కాబట్టి మూసుకున్నాను, మనసు మూసుకోమని ఏ చీటీలోనూ లేదు.

తొమ్మిది సెకన్లు. నిచ్చెన రెండు ఫ్రీ త్రోలూ పోగొట్టాడు, పిన్ని తల పట్టుకుంది. నల్లచొక్కాల చేతికి బంతి. ఆరు. ఇటు పంపారు, అటు పంపారు, ఎవరికీ దారి లేదు. మూడు. ఆఖరికి బంతి ఆ ముప్పై ఎనిమిదేళ్ళ కెప్టెన్‌కే చేరింది, గీతకు ఆమడదూరంలో నిలబడి, ఊపిరాడనివాడు, పళ్ళు లేని దవడ, ఎత్తాడు, వదిలాడు. రేడియోవాడి గొంతు సన్నబడిపోయింది. బంతి రింగుకు తగిలింది. రింగు మీద తిరుగుతోంది. ఇంకా తిరుగుతోంది. మధ్యాహ్నపు ఎండలో, ప్లాస్టర్ పొడిలో, నలభై ఆరేళ్ళ ఆడమనిషి మైనం కత్తి గుప్పిట్లో పట్టుకుని కళ్ళు మూసుకుని, పెదవి కదపకుండా, లోపల్లోపల గొంతు చించుకుని అరిచింది: వంగవే అక్కా, కొంచెం వంగు.

పడింది.

తమ్ముడు మాంసం కొట్టు ఆయన దవడను మెల్లిగా ఎత్తి ఎర్రచొక్కాల దవడల ఎదురుగా పెట్టి, "వస్తున్నాడు నిచ్చెన," అన్నాడు ఏడుపు గొంతుతో. పిన్ని పుక్కిలించడానికి లేచి, అవసరం లేదని గుర్తొచ్చి కూర్చుంది. పెద్దాయన అద్దాలు పెట్టుకుని మెల్లిగా ఆమెవైపు తిరిగాడు. "అమ్మా, నువ్వేమైనా అన్నావా?" ఆమె అడ్డంగా తలాడించింది. అనలేదు, ఒట్టు, ఒక్క ముక్క అనలేదు. పెద్దాయన ఆమె బల్ల దగ్గరికి వచ్చి, చట్రంలో బిగించిన ఫొటోగ్రాఫరు గారి పైదవడను చేతిలోకి తీసుకుని, కిటికీ వెలుగుకి పెట్టి చూశాడు. చూసి, పిన్నిని పిలిచాడు. పిన్ని చూసి తమ్ముణ్ణి పిలిచింది. గులాబిరంగు మైనంలో ఆరుకి ఆరు ముందుపళ్ళూ, నడిమి గీత తప్పకుండా, పక్కపళ్ళు వెంట్రుకవాసి పైకి, ఎంత చక్కగా కూర్చిందో అంత చక్కగా, పచ్చగా నవ్వుతున్నాయి. ఒకటో నంబరు సొరుగు మూసే ఉంది. తెరిచి ఉన్నది ఆరోది, అందులో ఉండేవి అన్నిటికంటే పసుపు పళ్ళు, పొగతాగే ముసలాళ్ళకి పెట్టేవి.

"ఓసి దొంగా," అంది పిన్ని. "నోరు కుట్టేస్తే చేతులు మాట్లాడాయే!"

"మా అక్క వస్తుంది పిన్నీ." అనేసింది. ఆ సంగతి మీద వారంరోజుల తర్వాత మొదటి మాట, ఆ వెనకే మిగతాదంతా వచ్చేసింది, టోపీ, గడప, మూడేళ్ళు, నిచ్చెన ఎడమకాలు, ఏది ముందో ఏది వెనకో లేకుండా. కళ్ళల్లో నీళ్ళు, మొహం నిండా నవ్వు. పెద్దాయన పళ్ళని చూస్తూ నిలబడ్డాడు. పంతొమ్మిదేళ్ళు, అని ఆమె అనుకుంది, ఇప్పుడు తిడతాడు. ఆయన ఆ దవడను జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "ఎడమకాలే ముందు మోపుతున్నాడా? నిజంగా చూశావా?" అన్నాడు. మూడుసార్లు చూశానంది. "అయితే రానీ. మెతకవాణ్ణి కొట్టి వీధిలో ఏమని చెప్పుకుంటాం," అని తన కుర్చీలోకి పోయి కూర్చున్నాడు, కూర్చుని, "ఆ పళ్ళు మాత్రం మార్చమ్మా, ఆయన కొత్త కాగితమన్నాడు," అన్నాడు. తమ్ముడు గోడ మీది చీటీ పీకబోతే పిన్ని ఆపింది, ఫైనల్స్ దాకా ఉండనీరా, ఎందుకైనా మంచిది అంది.

అప్పుడు ఆమె ఏప్రన్ జేబులో ఫోను మోగింది. అక్క. డాక్టరు నంబరు కోసం అయ్యుంటుంది అనుకుంది గుండె, ఆశపడ్డానికి భయపడే గుండె అంతే. ఎత్తింది.

"ఏమే చిట్టీ," అంది అవతలి గొంతు. చిట్టీ అని మూడేళ్ళ తర్వాత. "పలకవేం, నోరు పడిపోయిందా?"

"నన్ను మాట్లాడొద్దన్నారు అక్కా."

అక్క నవ్వింది, పళ్ళసందులోంచి గాలి ఈలలా వచ్చే ఆ నవ్వు, వయసు దాన్నేం చేయలేకపోయింది. "నా టోపీ ఉందా, పారేశావా?"

"ఉంది. రెండేళ్ళు దాంతో బూజు దులిపాను. మొన్న ఉతికాను." తర్వాత ఒక్క ఊపిరి తీసుకుని, తిన్నగా, ఇంకే ఆలోచనా చేయకుండా, "అక్కా, ఆరోజు అమ్మని మధ్యకి లాగి..."

"అమ్మ ఉంటే చెయ్యి కాస్త పైకెత్తేది, ఇద్దరం దూరిపోయేవాళ్ళం. నాకు తెలీదేంటే? ఎల్లుండి పొద్దున బస్సుకొస్తున్నాను, మొదటి రెండాటలకీ ఉంటాను. మీ బావ మాత్రం రాడు. కోపంగా ఉన్నాడు."

"ఓడిపోయారనా?"

"నా మీద." అక్క గొంతు తగ్గించింది, పక్కగదిలో బావ ఉన్నాడు కాబోలు. "ఆ బంతి రింగు మీద తిరుగుతుంటే నేను సోఫాలోంచి లేచానే. నాకు తెలీకుండానే చేతులు రెండూ గుండ్రంగా పెట్టుకుని, నల్లచొక్కాల బంతికి, ఇట్లా పక్కకి వంగాను. ఆయన చూసేశాడు."